శుక్రవారం దాకా బస్సు

బస్సు శుక్రవారం దాకే ఉంటుందని టైలరమ్మకు ముందే తెలుసు. తెలిసీ బుధవారం పొద్దున్నే కాలవగట్టు మీద గుమ్మం గుమ్మం తిరిగి ఆడవాళ్ళందరినీ బయల్దేరదీసింది.

"కొత్త కాలనీకి బస్సు పడింది. వచ్చి మీ స్థలాలు చూసుకోండి. టికెట్ కూడా లేదు," అంది.

ఊళ్ళో అందరికీ ఆవిడ టైలరమ్మే. కౌన్సిలర్‌గా గెలిచి ఏడాదైనా, ఆఫీసు బంట్రోతు దగ్గర్నుంచి చైర్మన్ దాకా ఎవరూ ఇంకో పేరుతో పిలవలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం దాకా స్కూలు యూనిఫాంలు కుడుతుంది. మీటింగు ఉన్న రోజు మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వెళ్ళిపోతుంది.

కాలవగట్టు ఆవిడ వార్డు. మురుగుకాలవ వెడల్పు చేయాలి కాబట్టి గట్టు మీది ఇళ్ళన్నీ వానలు పడేలోపు తీసేస్తామని నోటీసులు అంటించారు. వాళ్ళకి వేరే చోట ఇళ్ళు కట్టడానికి పైనుంచి డబ్బు వస్తుంది. కానీ ఈసారి అందులో ఓ మెలిక పెట్టారు. ఇళ్ళు కట్టే చోటికి రోజూ బస్సు తిరుగుతుండాలి, గుమ్మం దిగి నాలుగడుగులు వేస్తే బస్సు అందాలి. లేకపోతే డబ్బు లేదు. మున్సిపాలిటీ చూసిన స్థలమేమో రాళ్ళ క్వారీకి అవతల. అక్కడికి లారీలు తప్ప ఇంకేమీ పోవు.

"మెలిక పెట్టినవాడే విప్పుకునే దారీ పెడతాడు చెల్లెమ్మా," అన్నాడు చైర్మన్, సోమవారం తన గదిలో. "బస్సు ఉండాలన్నారు. ఎన్నాళ్ళుండాలి అని మనమెందుకు అడగడం? డిపో మేనేజరు మనవాడు. శుక్రవారం ఇన్‌స్పెక్షన్ మేడమ్ వచ్చి చూసి వెళ్ళేదాకా ఓ బస్సు తిప్పుతాడు. మనుషుల్ని ఎక్కించే పూచీ నీది."

"మరి శనివారం నుంచి?"

"ఇళ్ళంటూ లేస్తే బస్సు దానంతట అదే వస్తుంది. మనుషులున్న చోటికి రాక చస్తుందా?"

బస్టాండ్ పక్కన పాత బస్‌షెడ్డు స్థలం ఖాళీగా పడుంది. మున్సిపాలిటీదే. ఆ మాట ఎత్తుదామని ఆమె నోరు తెరిచేలోపే చైర్మన్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "షెడ్డు సంగతి ఎత్తకు. అక్కడ షాపింగ్ కాంప్లెక్సు వస్తుంది. క్వారీ దగ్గర మూడొందల ఇళ్ళు. మొదటి లిస్టంతా నీ గట్టువాళ్ళదే. ఇంకేం కావాలి నీకు?"

ముందు ఇల్లు, తర్వాత బస్సు అని తనకు తనే నచ్చజెప్పుకుని ఒప్పుకుంది. ఒప్పుకున్న గడియ నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

*

బస్సు నిండింది. ముందు అద్దం మీద పాత ఊరి పేరు కనపడకుండా కాగితం అంటించి, దాని మీద 'కొత్త కాలనీ' అని ఎర్ర రంగుతో రాశారు. డ్రైవరు నడివయసు దాటిన మనిషి. ఎవరేమడిగినా తల ఊపడమే తప్ప మాట్లాడలేదు. ఆ లోటు రేడియో పెద్దమ్మ తీర్చింది. గట్టు మీద అందరికంటే పెద్దది ఆవిడ. నిద్రలో తప్ప నోరు మూతపడదు కనక ఆ పేరు.

"కిటికీ పక్కన కూర్చుని ఊరు దాటడం పెళ్ళయినప్పట్నుంచి ఇదే. అప్పుడూ ఏడుపుతో సగం చూళ్ళేదు," అంటూ మొదలుపెట్టి క్వారీ వచ్చేదాకా ఆపలేదు.

క్వారీ దాటాక ఎగుడుదిగుడు నేల. సున్నంతో గీసిన గళ్ళు. ఒక్కో గడి ఒక్కో ఇల్లట. ఆడవాళ్ళు బస్సు దిగీ దిగడంతోనే గళ్ళలోకి పరిగెత్తారు. ఒకామె చెప్పులు విడిచి మరీ లోపల అడుగుపెట్టింది. ఇంకొకామె పుల్లతో పొయ్యి ఎక్కడో, కిటికీ ఎక్కడో గీస్తోంది. రేడియో పెద్దమ్మ ఏకంగా ఓ గడిలో వెల్లకిలా పడుకుంది.

"ఇదిగో, తల ఇక్కడ, కాళ్ళు అక్కడ. గోడకి తగలట్లేదు! ఇప్పుడున్న ఇంట్లో కాళ్ళు చాపితే కాలవలో ఉంటాయి."

అందరూ పగలబడి నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే చూపు వెతికింది. ఆడపడుచు ఏ గడిలోనూ లేదు.

టైలరమ్మ భర్తకు చెల్లెలామె. ఇల్లు గట్టు మీదే, ఆస్పత్రి లాండ్రీలో పని. తెల్లారకముందే డ్యూటీ. ఆ రోజు వారపు సెలవు కాబట్టి వచ్చింది. ఇళ్ళ వైపు చూడకుండా, కొత్తగా పాతిన బస్‌స్టాపు స్తంభం దగ్గర నిలబడి డ్రైవరుతో మాట్లాడుతోంది. మాటలు వినపడటం లేదు. డ్రైవరు మెడ వంచి నేలవైపు చూస్తూ ఏదో అన్నాడు. ఆడపడుచు మళ్ళీ అడిగింది. అతను భుజాలు ఎగరేసి బస్సు ఎక్కేశాడు.

ఆమె చెయ్యి స్తంభం మీద ఆనించింది. రంగు తడిగా ఉన్నట్టుంది, చటుక్కున తీసి అరచేయి చూసుకుంది. తర్వాత అక్కణ్ణుంచే తలెత్తి వదిన వైపు చూసింది.

టైలరమ్మ చూపు తిప్పేసుకుంది. "ఏయ్, ఆ గడి రోడ్డు కింద పోతుందే, ఇవతలికి రా," అని ఎవరినో పిలుస్తూ అటు నడిచింది. తిరుగు ప్రయాణంలో ఆడపడుచు పక్కన సీటు ఖాళీగానే ఉంది. అయినా టైలరమ్మ బస్సు చివర నిలబడే వచ్చింది.

*

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి ఆడపడుచు నేరుగా టైలరమ్మ ఇంటికి వచ్చింది. వచ్చి మిషను పక్కన కూర్చుంది. పొద్దుట మిగిలిపోయిన, కుట్టు విప్పాల్సిన చొక్కాలు గుట్టగా పడున్నాయి. ఒకటి ఒళ్ళో వేసుకుని బ్లేడుతో దారం కోయడం మొదలుపెట్టింది. మందునీళ్ళలో నానీ నానీ ఆమె వేళ్ళు తెల్లగా, చివర్లు పగిలి ఉన్నాయి.

టైలరమ్మ మిషను ఇంకాస్త జోరుగా తొక్కింది. చప్పుడు ఆగితే మాట మొదలవుతుందని ఆమెకి తెలుసు. కానీ దారం తెగింది.

"బస్సు రేపటి దాకేనట," అంది ఆడపడుచు, తల ఎత్తకుండా.

"ఎవరన్నారు?"

"డ్రైవరు. నీకు తెలుసా?"

టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. కొస తడిచేసి మళ్ళీ ప్రయత్నించింది.

"తెలుసన్నమాట," అంది ఆడపడుచు.

"ముందు ఇల్లు రానివ్వవే. నెత్తిమీద నీడంటూ ఉంటే బస్సు కోసం కొట్లాడుకోవచ్చు."

"ఎన్నాళ్ళు కొట్లాడుతాం? అందాకా క్వారీ నుంచి ఆస్పత్రికి ఎలా రావాలి వదినా, రాళ్ళ లారీ ఎక్కా? నాలుగు రోజులు లేటుగా వెళ్తే నా చోట ఇంకొకరిని పెట్టుకుంటారు. అప్పుడు ఆ ఇంట్లో కూర్చుని గోడలు కొరుక్కోవాలి."

"వెళ్ళకపోతే మాత్రం? వానలొచ్చేసరికి గట్టు మీద నీ ఇల్లుంటుందా?"

ఆడపడుచు చొక్కా మడిచింది. బ్లేడు పక్కన పెట్టింది. లోపలి గదిలోంచి టైలరమ్మ భర్త, "నన్ను మాత్రం పిలవకండి, వదినామరదళ్ళ మధ్య దూరితే అడకత్తెరలో పోకచెక్కే," అన్నాడు. ఎప్పుడూ ఇద్దరికీ నవ్వొచ్చే మాట అది.

"నాకు చెప్పకపోతే పోనీ. వాళ్ళకి చెప్పావా?" అంది ఆడపడుచు లేచి. "పెద్దమ్మ ఆ గడి చుట్టూ రాళ్ళు పేర్చుకుని వచ్చింది, ఇంకెవరూ కాజేయకుండా."

"రేపొక్కరోజు గడవనీ."

"రేపు నాకు డ్యూటీ. నేను రాను," అని ఆమె చెప్పులేసుకుంది.

రాదంటే టైలరమ్మకి గుండె తేలికైంది. వెంటనే ఆ తేలికకి తనకే సిగ్గేసింది. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయింది. మిషను ముందు కూర్చుంది, లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది. "కూర్చోవే, చూసే నాకే కాళ్ళు నొప్పెడుతున్నాయి," అన్నాడు భర్త.

*

శుక్రవారం బస్టాండ్‌లో అందరూ ఎక్కాక, డ్రైవరు తలుపు వేయబోతుండగా ఆడపడుచు పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కింది.

"డ్యూటీ మార్చుకున్నాను," అంది వదిన కళ్ళలోకి చూడకుండా. ముందు సీట్లో కూర్చుంది.

టైలరమ్మ ఆ సీటు వెనక దాకా వెళ్ళి ఆగింది. తనవాళ్ళందరిలో అబద్ధం నోటికి రానిది ఈమె ఒక్కతే. చిన్న విషయానికి కూడా మొహం మీద కొట్టినట్టు నిజం చెప్పి, తర్వాత తనే బాధపడుతుంది. పక్కకి పిలిచి మాట్లాడదామా అనుకునేలోపు చైర్మన్ కారు వచ్చి ఆగింది.

ఇన్‌స్పెక్షన్ మేడమ్‌కి జలుబు. చేతిరుమాలు ముక్కుకి ఆనించుకునే కారు దిగింది. చైర్మన్ కారు తలుపు మళ్ళీ తెరిచి, "నేరుగా స్థలానికే వెళ్దామండీ," అంటే, "చూడాల్సింది బస్సు కదండీ. బస్సులోనే వెళ్దాం," అని ఎక్కి కూర్చుంది. చైర్మన్‌కి ఎక్కక తప్పలేదు. సీటు లేదు. పైన కడ్డీ పట్టుకు నిలబడటం మరిచిపోయి ఎన్నేళ్ళయిందో, మలుపు తిరిగినప్పుడల్లా ఎవరో ఒకరి మీద పడుతున్నాడు. "బాబూ, ఒళ్ళో కూర్చుంటావా ఏం?" అంది రేడియో పెద్దమ్మ. బస్సంతా నవ్వు.

మేడమ్ కూడా నవ్వి, ఒక్కొక్కరిని అడగడం మొదలుపెట్టింది. ఏం పని చేస్తారు, ఎక్కడికి వెళ్ళాలి, బస్సు వేళకి వస్తోందా. అందరూ రెండు రోజుల ఉత్సాహంతో చెప్పారు. వాళ్ళకది నిజమే. క్వారీ దుమ్ము కిటికీల్లోంచి లోపలికి వస్తుండగా మేడమ్ ముందు సీటు వైపు తిరిగింది.

"మీరేం చేస్తారమ్మా?"

"ఆస్పత్రి లాండ్రీలో అండి."

"పొద్దున్నే డ్యూటీ అయ్యుంటుంది. ఈ బస్సు పనికొస్తుందా మీకు?"

చైర్మన్ టైలరమ్మ వైపు చూశాడు. టైలరమ్మ కడ్డీని గట్టిగా పట్టుకుంది.

"పనికొస్తుందండి," అంది ఆడపడుచు. "రోజూ వస్తుంది. ఏ ఇబ్బందీ లేదు. నెత్తిమీద నీడుంటే చాలు మాకు."

గొంతు వణకలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. చెప్పేటప్పుడు మాత్రం పగిలిన వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. చివరి మాట టైలరమ్మదే, నిన్న మిషను ముందు కూర్చుని తను అన్నదే. తన నోట్లో అది ఓదార్పులా ఉంది. ఈమె నోట్లో బిచ్చం అడుక్కున్నట్టు ఉంది. డ్యూటీ మార్చుకుని, పరిగెత్తుకొచ్చి, ఈ అబద్ధం చెప్పడానికే వచ్చింది. తన కోసం వచ్చింది.

మేడమ్ "సరే" అని ముందుకు తిరిగింది. చైర్మన్ ఊపిరి వదిలాడు. అయిపోయింది. ఇంక ఎవరూ ఏమీ అనక్కర్లేదు.

"ఈ బస్సు రేపు ఉండదండి," అంది టైలరమ్మ.

మేడమ్ రుమాలు దించింది. "ఏమిటి?"

"ఇవాల్టి దాకే వేశారు, మీరు చూడటానికి. వీళ్ళకి తెలీదు. నాకు తెలుసు. నేనే ఎక్కించాను."

డ్రైవరు ఎవరూ చెప్పకుండానే బస్సు పక్కకి తీసి ఆపాడు. 

"ఇప్పుడా చెప్పడం?" అంది మేడమ్. మెచ్చుకోలేదు. విసుక్కుంది. "ఇంత దూరం లాక్కొచ్చాకా?" కాసేపు తుమ్ము ఆపుకుని, చైర్మన్‌ని అడిగింది: "ఊళ్ళో బస్సు తిరిగే చోట మీ స్థలం ఒక్కటీ లేదా?"

చైర్మన్ కిటికీలోంచి క్వారీ వైపు చూశాడు.

"పాత బస్‌షెడ్డు స్థలం ఉందండి. బస్టాండ్ పక్కనే," అంది టైలరమ్మ.

"నెలాఖరులోగా అలాంటిదేదో తీర్మానం చేసి పంపండి. లేకపోతే ఈ డబ్బు ఇంకో ఊరికి వెళ్తుంది. స్థలం చూడనక్కర్లేదు, బస్సు వెనక్కి తిప్పండి."

తిరుగు దారంతా చైర్మన్ ఒక్క మాటే అన్నాడు, టైలరమ్మ చెవిలో. "కూర్చున్న కొమ్మ నరుక్కున్నావు చెల్లెమ్మా. నీతోపాటు కూర్చున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారు, చూసుకున్నావా?"

బస్టాండ్‌లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆమెను దాటుకుని దిగిపోయారు. ఒకామె, "మమ్మల్ని బొమ్మల్లా కూర్చోబెట్టావా అక్కా?" అంది. చివరగా ఆడపడుచు దిగింది. వదిన భుజం పట్టుకుని ఇవతలికి లాగింది.

"నీ అబద్ధం నేను మోశాను కదా. నువ్వెందుకు దించావు?" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చెప్పేదానివైతే బుధవారమే చెప్పాల్సింది. చెప్పకూడదనుకుంటే నోరు మూసుకోవాల్సింది. ఇప్పుడు అదీ లేదు, ఇదీ లేదు."

*

శని, ఆదివారాలు టైలరమ్మ గట్టు మీద తిరిగింది. తలుపులు తెరిచే ఉన్నాయి, మనుషులే మొహాలు తిప్పుకున్నారు. మాట్లాడకుండా ఉండలేని రేడియో పెద్దమ్మ ఒక్కతే గుమ్మంలో కూర్చోమంది.

"నిజం చెప్పావు, సరే. ఆ నిజాన్ని పైకప్పు వేసుకుని పడుకోమంటావా?"

"తప్పే పెద్దమ్మా."

"ఏది తప్పు? ముందుదా, వెనకదా?"

టైలరమ్మ ఆలోచించింది. "ముందుదే."

"అయితే వెనకదానికి ఏడవకు." పెద్దమ్మ కాళ్ళు చాపి, కాలవ వైపు చూసి, మళ్ళీ ముడుచుకుంది. "ఆ షెడ్డు దగ్గర కట్టడానికి ఏం రోగం వాళ్ళకి?"

"షాపులు కడతారట."

"షాపుల్లో సామాను పడుకోవచ్చు, మనం పడుకోకూడదూ? ఎప్పుడు మీ మీటింగు?"

"మంగళవారం. మీరంతా వస్తారా? నా కోసం కాదు. వెనక బెంచీల్లో ఎవరైనా కూర్చోవచ్చు."

"నీ కోసం ఎవరొస్తారు? నీ మొహం చూడాలని ఎవరికుంది?" అంది పెద్దమ్మ. కానీ ఆ సాయంత్రం నుంచి గట్టు మీద రేడియో మోగుతూనే ఉంది.

మంగళవారం కౌన్సిల్ హాలు వెనక బెంచీలు నిండాయి. చోటు చాలక కొందరు గోడవారన నిలబడ్డారు. ఎవరూ నినాదాలు చేయలేదు. పనికి పోవాల్సిన వేళలో పని మానుకుని వచ్చినవాళ్ళ అసహనంతో ఊరికే చూస్తూ కూర్చున్నారు. టైలరమ్మ అందరి మొహాలూ వెతికింది. ఆడపడుచు లేదు.

తను మాట్లాడాలని ఆమె రాత్రంతా మాటలు కూడబలుక్కుంది. లేచి నిలబడింది కూడా. చైర్మన్ ఆమెను కూర్చోమని సైగ చేసి తనే గొంతు సవరించుకున్నాడు.

"పేదవాడి ఇల్లు ఊరికి దూరంగా ఉండకూడదన్నది మొదట్నుంచీ నా ఆలోచన," అన్నాడు. హాల్లో ఎవరో దగ్గారు. "పైనుంచి వచ్చిన డబ్బు వెనక్కి పంపిన చైర్మన్‌గా నేను పేరు తెచ్చుకోదలచుకోలేదు. బస్‌షెడ్డు స్థలంలో కింద షాపులు, పైన రెండంతస్తులు ఇళ్ళు. ఇదీ తీర్మానం. చేతులెత్తండి."

శుక్రవారం క్వారీ వైపు చూసిన మనిషేనా అని టైలరమ్మ అతన్నే చూస్తూ ఉండిపోయింది. పక్క సీటు కౌన్సిలర్ మోచేత్తో పొడిచాక చెయ్యెత్తింది. అన్ని చేతుల్లో అదీ ఒకటి. ఆమె పేరు ఎక్కడా రాలేదు. కూడబలుక్కున్న మాటలు గొంతులోనే ఉండిపోయాయి.

బయటికి వస్తుంటే చైర్మన్ పిలిచాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"మూడొందలు కాదు చెల్లెమ్మా, అక్కడ పట్టేది నూట నలభై. గట్టువాళ్ళే అంతకు రెట్టింపు ఉన్నారు. నీ వార్డు, నీ మనుషులు. ఎవరికివ్వాలో, ఎవరికి ఇవ్వక్కర్లేదో నువ్వే రాసివ్వు. నిజాలు చెప్పడం నీకలవాటే కదా."

*

ఆస్పత్రి లాండ్రీలో ఆవిరి. అవతలివాళ్ళ మొహం కూడా సరిగ్గా కనిపించదు. ఆడపడుచు పెద్ద మిషనులోంచి దుప్పట్లు బుట్టలోకి లాగుతోంది. వదినను చూసి ఆగలేదు. ఓ దుప్పటి విదిల్చి, రెండు కొసలు తన దగ్గర పెట్టుకుని, మిగతా రెండూ ఆమె వైపు విసిరింది.

"పట్టుకో. ఊరికే నిలబడితే సూపర్‌వైజరు గోల చేస్తాడు."

టైలరమ్మ పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు లాగి, దగ్గరికి నడిచి, కొసలు కలిపి, మళ్ళీ దూరం జరిగారు. తడి బరువుకి టైలరమ్మ మణికట్లు లాగేశాయి.

"షెడ్డు దగ్గరే కడతారట. తీర్మానం అయింది."

"విన్నాను. పెద్దమ్మ ఆస్పత్రి గేటు దాకా వచ్చి అరిచిపోయింది."

"సగం మందికే."

ఆడపడుచు చేతులు ఆగాయి. "సగమా?"

"లిస్టు నన్నే రాయమన్నాడు. నిన్ను వేస్తే నావాళ్ళకి దోచిపెట్టానంటారు. వేయకపోతే..."

ఆడపడుచు ఇంకో దుప్పటి లాగింది.

"రాయకు," అంది. "రాశావో, చచ్చేదాకా గట్టు మీద తలెత్తుకోలేవు. చీట్లు వెయ్యి. గట్టు మీదే, పట్టపగలు, అందరి ముందూ. నా పేరూ వెయ్యి. నాకొస్తే వాళ్ళు నిన్ను తిడతారు, రాకపోతే నేను తిడతాను. ఎలాగూ తిట్లు నీకు తప్పవు."

టైలరమ్మకి నవ్వొచ్చింది. వారం రోజుల్లో మొదటిసారి కాళ్ళు కాస్త నేల మీద ఆనినట్టనిపించింది.

"రానివాళ్ళ సంగతేమిటే?"

"వాళ్ళతో కలిసి మళ్ళీ ఆఫీసుకి వెళ్తావు. బస్సు తిరిగే చోట ఇంకో స్థలం ఎక్కడుందో అడుగుతావు. ఇంకేం చేస్తావు?" బుట్టలో ఇంకా సగం పైనే ఉన్నాయి. ఆడపడుచు తర్వాతి దుప్పటి కొసలు అందించింది. "ఈసారి మాత్రం ముందే చెప్పు వదినా. డ్యూటీ మార్చుకోవాలి."